మీ సరుకు జారిపడిందండీ

కాలువ వీధి,
ఆదివారం మధ్యాహ్నం

చిట్టీ,

నువ్వు క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేమూ క్షేమమే, ఒక్క మీ అన్నయ్య బుర్ర తప్ప.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తోందేమిటీవిడ అనుకుంటున్నావు కదూ? ఫోన్ చేస్తే పక్కనే ఆయన ఉంటారు. ఆయన ముందు ఆయన మీదే చాడీలు చెప్పడం ఎలా? పైగా మీ కొండ మీద ఫోన్‌లో సగం మాట వినపడితే సగం గాలికి పోతుంది. నా ఫిర్యాదు నువ్వు పూర్తిగా వినాలి.

సంగతేమిటంటే, మీ అన్నయ్య కాలువలో దిగారు. కాలు జారి పడలేదులే, కంగారు పడకు. కావాలని, రోజూ పొద్దున్నే, పాత నిక్కరు వేసుకుని, చేతిలో కొక్కెం కర్ర పట్టుకుని మరీ దిగుతున్నారు.

రిటైరయ్యాక కొన్నాళ్లు ఇంట్లోనే ఉన్నారా, ఆ రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. నా దారపు రీళ్లన్నీ రంగుల వారీగా సర్ది, నాకు కావలసిన రంగు ఒక్కటీ దొరక్కుండా చేశారు. కుట్టుమిషను వెనక కుర్చీ వేసుకుని కూర్చుని, నేను కాస్త జోరుగా తొక్కితే చాలు, "ముందు మలుపుంది, నెమ్మది" అనేవారు. జీవితమంతా బస్సు నడిపిన మనిషికి నా మిషను కూడా బస్సే అయిపోయింది. ఈయనకు ఏదైనా వ్యాపకం దొరికితే బాగుండును అని పైకే అన్నాను. అన్నందుకు అనుభవిస్తున్నాను.

పోయిన వానలకు కాలువ పొంగి ఇంట్లోకి నీళ్లొచ్చాయని నీకు తెలుసు. నీకు చెప్పనిది ఒకటుంది. పక్కింటి మామ్మ నడవలేదు కదా, ఆవిణ్ణి ఎత్తుకెళ్లి వాళ్ల భోజనాల బల్ల మీద కూర్చోబెట్టి, ఆ బల్ల కొట్టుకుపోకుండా రోజంతా పట్టుకుని నిలబడ్డారు మీ అన్నయ్య. "నీళ్లు ఎటు పోవాలి నాయనా? ఎందుకు పోవట్లేదు?" అని ఆవిడ అడుగుతూనే ఉందట. ఆ ప్రశ్న ఈయన బుర్రలో దిగబడిపోయింది. నీళ్లు తగ్గాక కాలువ వెంట ఆ చివరి దాకా నడిచి వెళ్లి చూసొచ్చారు. పెద్ద రోడ్డు కింద నుంచి నీళ్లు దాటే తూము ఉంది చూడు, అది పూర్తిగా పూడిపోయిందట. అక్కణ్ణుంచి మన ఇంటి దాకా చెత్తే. "దారికి అడ్డంగా బండి ఆగిపోతే వెనక బళ్లేం చేస్తాయి? ఊళ్లోకి తిరుగుతాయి" అన్నారు. మర్నాటి నుంచి ఇదీ వరస.

ఏం తీస్తున్నారో తెలుసా? ఒంటి కాలి చెప్పులు, హెల్మెట్టు, సగం ఊయల, ఒక తలుపు. అన్నిటికంటే ఎక్కువగా పరుపుల షాపు నుంచి పడేసిన స్పాంజి ముక్కలు. జనం వంతెన మీద నిలబడి చూస్తారు. చూసి వెళ్లిపోతారు. నా దగ్గరికి బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు, "అయ్యో, మీ ఆయన కాలువలో ఉన్నారండీ" అంటారు, నాకు తెలియనట్టు. నాకు తల కొట్టేసినట్టు ఉంటోంది.

నీ మాటంటే ఆయనకు గురి. గట్టిగా ఒక ఉత్తరం రాసి మందలించు. నువ్వు నర్సువి కాబట్టి ఏదో ఒక రోగం పేరు చెప్పి భయపెట్టినా నాకు అభ్యంతరం లేదు.

నీ వదిన

*

ఆసుపత్రి క్వార్టర్సు, కొండ మీద,
గురువారం

వదినా,

నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానంటే, మా వార్డులో ఆయమ్మ పరిగెత్తుకొచ్చింది, నాకేమైందోనని.

క్షమించు, ఈ విషయంలో నేను నీ పార్టీ కాదు. అన్నయ్యను మందలించలేను. నువ్వు మా ఇంటికి వచ్చేసరికే ఆ కాలువ నల్లబడిపోయింది. దానికి ముందు అదెలా ఉండేదో నువ్వు చూడలేదు. నాకు ఈత నేర్పింది అందులోనే. అన్నయ్య నా నడుం కింద ఒక చెయ్యి పెట్టి, "పట్టుకునే ఉన్నాను, కాళ్లు కొట్టు" అనేవాడు. నేను కాళ్లు కొట్టుకుంటూ చాలా దూరం వెళ్లాక వెనక్కి చూస్తే వాడు మొదట నిలబడ్డ చోటే, చేతులు కట్టుకుని నవ్వుతూ ఉండేవాడు. అడుగున రాళ్లు కనిపించేవి వదినా. నా నీడ ఆ రాళ్ల మీద పడేది.

అలాంటి మనిషి ఇవాళ ఒంటరిగా ఆ నీళ్లలో దిగాడంటే నాకు గర్వంగా ఉంది. నీకు సిగ్గెందుకో నాకు అర్థం కాలేదు. చెత్త వేసినవాళ్లు సిగ్గుపడాలి గానీ తీసేవాడి పెళ్లాం ఎందుకు పడాలి?

అయితే నర్సుగా చెప్పాల్సింది చెబుతాను. భయపెట్టడానికి చెప్పట్లేదు, నిజంగానే చెబుతున్నాను. మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు లేకుండా దిగనివ్వకు. చేతులకు మందపాటి తొడుగులు కావాలి. ఒంటి మీద చిన్న గీత ఉన్నా సరే ఆ రోజు దిగకూడదు. ఎలుకలు తిరిగే నీళ్ల నుంచి ఒక జ్వరం వస్తుంది. ఎలుక జ్వరమనే అంటారు. మామూలు జ్వరంలా మొదలై కిడ్నీల దాకా పోతుంది. బయటికి రాగానే సబ్బుతో కాళ్లూ చేతులూ కడుక్కోవాలి. నువ్వే కాపలా ఉండాలి, వాడి మాట నమ్మకు.

మా వార్డు కిటికీలోంచి కూడా ఒక వాగు కనిపిస్తుంది. ఆసుపత్రి వెనక వాలు దిగితే వస్తుంది. పైనుంచి చూస్తే చాలా అందంగా ఉంటుంది. ఇన్నేళ్లుగా కిటికీలోంచి చూడ్డమే తప్ప ఒక్కసారీ దిగలేదు. నీ ఉత్తరం చదివాక ఒకసారి వెళ్లి చూడాలనిపించింది.

చిట్టి

*

కాలువ వీధి,
ఎండలు ముదిరాయి

చిట్టీ,

బూట్లు కొన్నాం. తొడుగులు కొన్నాం. పొద్దున్నే ఆయన బయల్దేరేముందు కాళ్లూ చేతులూ తిప్పి తిప్పి చూసి గానీ పంపట్లేదు. "చెకింగు అయిందా, పోనీయొచ్చా?" అని అడుగుతారు. అయిందంటే "రైట్ రైట్" అనుకుంటూ వెళ్తారు.

ఇప్పుడు ఒంటరిగా లేరు. ఎదురింటి టీచరమ్మ ఒకరోజు పొద్దున్నే బడి బూట్లతోనే దిగిపోయింది. "పిల్లలకు పరిశుభ్రత మీద పాఠం చెప్పి ఈ వంతెన మీదుగా ముక్కు మూసుకుని ఇంటికి రావడం నావల్ల కాదండీ" అంది. ఆవిడ దిగాక వీధి చివరి మెకానిక్కు దిగాడు. తర్వాత అతని తమ్ముళ్లు. ఇప్పుడు ఆదివారమైతే కాలువలోకి దిగే మెట్ల మీద కాలు పెట్టడానికి చోటుండదు. నేనింకా దిగలేదు, దిగను కూడా. టీ మాత్రం పంపిస్తున్నాను.

పరుపుల షాపాయన సంగతి చెప్పాలి. ఆయన షాపు వెనక గుమ్మం కాలువ మీదికే తెరుచుకుంటుంది. కోసిన స్పాంజి, చిరిగిన రెగ్జిను, ఏదైనా కిందికే. మీ అన్నయ్య వెళ్లి మర్యాదగా చెప్పారు. ఆయనేమన్నాడో తెలుసా?

"కాలువ నీ సొంతమా? మా నాన్న కాలం నుంచి ఇక్కడే వేస్తున్నాం. పనీపాటా లేకపోతే ఇంట్లో కూర్చోవయ్యా."

అని, అందరూ చూస్తుండగా ఒక గంప నిండా స్పాంజి ముక్కలు తెచ్చి నీళ్లలో కుమ్మరించాడు. మెకానిక్కు తమ్ముళ్లు చొక్కా చేతులు పైకి లాక్కున్నారు. మీ అన్నయ్య వాళ్లను ఆపారు. ఆ ముక్కలన్నీ ఏరి, మన పెరట్లో కడిగి, ఎండలో ఆరబెట్టి, మూటకట్టి మర్నాడు పొద్దున్నే షాపు ముందు గుమ్మంలో పెట్టి వచ్చారు.

"మీ సరుకు జారిపడిందండీ" అన్నారట.

ఆయన మళ్లీ వేశాడు. ఈయన మళ్లీ కడిగి, ఆరబెట్టి, మడిచి తీసుకెళ్లారు. "మీ సరుకు జారిపడిందండీ." అదే మాట, అదే గొంతు. వెటకారం లేదు, కోపం లేదు. మరిచిపోయిన గొడుగు తిరిగి ఇచ్చినట్టు ఇస్తారు. రోజూ ఇదే తంతు. షాపుకి వచ్చిన జనం ఏమిటా మూట అని అడగడం మొదలుపెట్టారు. ఇప్పుడు తక్కువ వేస్తున్నాడు గానీ మొండితనం కొద్దీ పూర్తిగా మానలేదు.

నిజం చెప్పనా చిట్టీ? ఇన్నేళ్లు కాపురం చేశాను గానీ మీ అన్నయ్యకు ఇంత ఓపిక ఉందని నాకు తెలియదు. నా మీద ఎప్పుడూ చూపించలేదు మరి.

మొన్న పొద్దున్న టీచరమ్మ పెద్దగా కేక పెట్టింది. పామేమో అనుకుని అందరం పరిగెత్తాం. తీరా చూస్తే ఆవిడ నీళ్ల మీదకు వేలు చూపిస్తోంది. ఒక ఎండుటాకు. మెల్లగా, చాలా మెల్లగా, మన ఇంటి వైపు నుంచి వంతెన వైపు వెళ్తోంది. అంతే. మేమందరం ఒడ్డున నిలబడి, అది వంతెన దాటేదాకా చూశాం. నా కళ్లలో నీళ్లెందుకు తిరిగాయో నాకే తెలియదు.

కానీ కొత్త చిక్కొకటి వచ్చింది. మునిసిపాలిటీ ఇంజినీరమ్మ వచ్చింది. మంచి మనిషే. కాలువ మీద పలకలు పరిచి మూసేయాలని పైవాళ్లు అనుకుంటున్నారట. "పారని నీళ్లకు కాలువ ఎందుకండీ, దోమలకు తప్ప?" అంది. మీ అన్నయ్య, "పారితే?" అన్నారు. ఆవిడ, "ఈ వానలకు ఇళ్లలోకి రాకుండా పారితే, మూయొద్దని నేనే చెబుతాను. పారకపోతే మాత్రం నన్ను మళ్లీ అడగొద్దు" అంది.

అంటే వానల్లోపు తూము తెరుచుకోవాలి. చెత్తంతా గట్టిపడి ఉన్నది అక్కడే.

నీ వదిన

*

ఆసుపత్రి క్వార్టర్సు,
ఆదివారం

వదినా,

ఆకు సంగతి మా వార్డులో చదివి వినిపించాను. మంచం మీద నుంచి లేవలేని పెద్దాయన ఒకరు రెండోసారి చదవమన్నారు. నర్సులందరికీ ఇప్పుడు అన్నయ్య తెలుసు. డ్యూటీ మారేటప్పుడు ఏదైనా వస్తువు చేతికిస్తే, "మీ సరుకు జారిపడిందండీ" అనడం ఇక్కడ మాకు అలవాటైపోయింది.

ఇంజినీరమ్మ మాటకు భయపడకండి. ఆవిడ దారి చూపించింది, తలుపేమీ మూయలేదు.

నేను వాగు దగ్గరికి వెళ్లాను. పైనుంచి కనిపించినట్టు లేదు. దాని గురించి తర్వాత రాస్తాను. ఇప్పుడు కాదు.

అన్నయ్యను అడిగానని చెప్పు. తూములోకి ఎవరూ దూరకూడదని నా మాటగా చెప్పు.

చిట్టి

*

కాలువ వీధి

చిట్టీ,

అందరం బాగున్నాం. ఎండలు ఎక్కువగా ఉన్నాయి. మామ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది. బట్టలు కుట్టడం కాస్త ఎక్కువైంది, అందుకే ఉత్తరం ఆలస్యమైంది. పని బాగానే సాగుతోంది. మీ అన్నయ్య బాగున్నారు, ఎప్పటిలాగే చాలా మంచిగా ఉంటున్నారు. నువ్వు ఒంట్లో జాగ్రత్త. వేళకు తిను.

నీ వదిన

*

ఆసుపత్రి క్వార్టర్సు,
ఉత్తరం అందిన వెంటనే

వదినా,

అన్నయ్యకు ఏమైంది?

నువ్వు నాకు రాసిన ఉత్తరాలన్నిటిలో అన్నయ్యను ఒక్క తిట్టూ తిట్టనిది ఇదే. "చాలా మంచిగా ఉంటున్నారు" అట! నీ చేత్తో ఆ మాట రాయాలంటే అన్నయ్య మంచం మీదైనా ఉండాలి, నువ్వు ఆ మంచం పక్కనైనా ఉండాలి. మీ ఇంటికి ఫోన్ చేస్తే ఎదురింటి టీచరమ్మ ఎత్తి, "వాళ్లు బయటికెళ్లారండీ" అని పెట్టేసింది. ఆవిడకు అబద్ధం చెప్పడం రాదు.

నిజం రాయి. రాయకపోతే దొరికిన బస్సు ఎక్కేస్తాను.

చిట్టి

*

కాలువ వీధి,
బుధవారం

చిట్టీ,

ముందు ఈ మాట చదువు: గండం గడిచింది. మీ అన్నయ్య ఇంటికి వచ్చేశారు. నా ఎదురుగా దిండుకు ఆనుకుని కూర్చుని, కిటికీలోంచి కాలువను చూస్తున్నారు. ఇప్పుడు మిగిలింది చదువు.

తూము దగ్గర రేకు ఒకటి తగిలి ఆయన పిక్క మీద గీసుకుంది. బూటు కోసుకుపోయి లోపల తగిలింది. ఆ సంగతి నాకు చెప్పలేదు. చెబితే దిగనివ్వనని. పొద్దున నా చెకింగులో ఆ కాలు ముందుకు పెట్టకుండా తప్పించుకున్నారట, పెద్ద తెలివి! ఆ తర్వాత జ్వరం, ఒళ్లు నొప్పులు. ఎండ దెబ్బ అన్నారు. ఒకరోజు పొద్దున్న చూస్తే కళ్లు పచ్చగా ఉన్నాయి. నీ ఉత్తరంలో ముక్కలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి నాకు. మెకానిక్కు బండిలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. "ఎలుక జ్వరమేమో చూడండి డాక్టరు గారూ" అని నేనే అన్నాను. ఆయన వెంటనే మందు మొదలుపెట్టాడు. "ఇంకాస్త ఆలస్యమైతే కిడ్నీలు దక్కేవి కావు" అన్నాడు తర్వాత. అంటే మీ అన్నయ్యను బతికించింది నువ్వేనమ్మా, అంత దూరంలో ఉండి.

నీకు చెప్పొద్దని నా చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకున్నారు. "అది ఏడుస్తుంది, అక్కడ దాని పని దానికుంది" అన్నారు. ఒట్టు తీసి గట్టున పెట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇక్కడ అంతా చెదిరిపోయింది. డ్రైవరు గారికే ఇలా అయితే మన గతేమిటని జనం రావడం మానేశారు. వాళ్లను తప్పు పట్టలేను. నాకే ఆ కాలువ మీద ఎంత కోపం వచ్చిందో! ఒకరోజు బట్టలు తీసుకెళ్దామని ఇంటికి వచ్చినప్పుడు గుమ్మం పక్కన ఆయన కొక్కెం కర్ర కనిపించింది. దాన్ని తీసుకెళ్లి కాలువలో విసిరేద్దామని వంతెన మీదికి వెళ్లాను. కింద టీచరమ్మ ఒక్కతే ఉంది. మోకాలి లోతు నీళ్లలో, తాను ఎత్తలేని ఏదో దాన్ని రెండు చేతులతో లాగుతోంది. అది రావట్లేదు. వదలట్లేదు.

"ఇంకెవరూ లేరేంటి?" అన్నాను.

"నేనున్నాను కదండీ" అంది, తలెత్తకుండానే.

చిట్టీ, ఆ మాట విన్నాక కర్ర విసిరేయలేకపోయాను. ఇంటికి వెళ్లి మీ అన్నయ్య పాత బూట్లు తీసి, వదులుగా ఉంటే లోపల గుడ్డ పీలికలు కుక్కి వేసుకుని దిగాను. మొదటి అడుగుకే బురద బూటును పట్టేసింది. ఆ వాసనకు కొంగు ముక్కుకు చుట్టుకున్నాను. ఇంతకాలం రోజూ ఈయన ఇందులోకే వచ్చేవారా అనుకున్నాను. పైనుంచి టీ పంపినప్పుడు నాకు తెలియలేదు. ఇద్దరం కలిసి లాగితే వచ్చింది. పాత పరుపు. పూర్తిగా నీళ్లు తాగి దున్నపోతంత బరువుంది.

ఆ సాయంత్రం మిషను ముందు కూర్చుని ఆలోచించాను. బూట్లు కోసుకుపోతున్నాయి, నీళ్లు లోపలికి పోతున్నాయి, అందుకే కదా జనానికి భయం. నడుం దాకా వచ్చే తొడుగులు మందంగా కుడితే? కానీ గుడ్డ ఏది? నీళ్లు పట్టని గుడ్డ కావాలి.

మర్నాడు గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. చూస్తే పరుపుల షాపాయన. భుజం మీద కొత్త రెగ్జిను చుట్ట. టీచరమ్మ చెప్పిందట. లోపలికి రమ్మంటే రాలేదు.

"మీ ఆయన రోజూ వచ్చేవాడు. ఈ వారమంతా నా గుమ్మం ఖాళీగా ఉందమ్మా" అన్నాడు. చుట్ట కింద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ రెగ్జినుతో కుట్టాను. పాదం నుంచి నడుం దాకా, రెండు పొరలు, కుట్టు మీద కుట్టు. సూదులు ఎన్ని విరిగాయో అడక్కు. ముందు మెకానిక్కుకి వేయించి, బకెట్ల కొద్దీ నీళ్లు పోసి చూశాం. చుక్క లోపలికి పోలేదు. ఆ మాట వీధంతా పాకింది. జనం మళ్లీ వస్తున్నారు, కొలతలిచ్చి మరీ వెళ్తున్నారు. నేను రోజూ దిగుతున్నాను. మీ అన్నయ్య కిటికీలోంచి సలహాలు పారేస్తున్నారు. "ఆ పక్క నుంచి లాగు, ఆ పక్క నుంచి!" అని. అరవడానికి ఓపిక ఉందంటే కోలుకున్నట్టే.

కోప్పడతావని తెలుసు. కోప్పడు. పడతాను.

నీ వదిన

*

ఆసుపత్రి క్వార్టర్సు,
శనివారం, పది రోజుల తర్వాత

వదినా,

కోప్పడదామనే కాగితం తీశాను. రెండు పేజీలు రాసి చింపేశాను. నువ్వు అన్నయ్య బూట్లలో గుడ్డ పీలికలు కుక్కుకుని బురదలో దిగడం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంటే కోపం నిలవట్లేదు. డాక్టరు చెప్పకముందే రోగం పేరు చెప్పావు చూడు, మా కుర్ర నర్సులు కూడా అంత త్వరగా పట్టలేరు. అన్నయ్యను బతికించింది నేను కాదు, నువ్వే.

నువ్వొక్కదానివే దాచావనుకోకు. నేనూ దాచాను.

ఆ రోజు వాగు దగ్గరికి వెళ్లానని రాశాను కదా. వాలు సగం దిగేసరికి కాలి కింద ఏదో పటపటమంది. చూస్తే ఇంజెక్షన్ సూదులు. పొదల నిండా సంచులు, చిరిగి బయటపడ్డ కట్లు, రక్తపు దూది. అన్నీ మావే, మా వార్డులవే. చెత్త బండి వచ్చి తీసుకెళ్లాల్సిన సంచులను, బండి రాని రోజుల్లో వెనక నుంచి వాలు మీదికి దొర్లించేస్తున్నారు. ఆ వాగు నీళ్లు కింది ఇళ్లవాళ్లు వాడుకుంటారు. పిల్లలు ఆడుకోవడం నా కళ్లతో చూశాను.

పెద్ద డాక్టరు గారికి చెప్పాను. విచారిస్తామన్నారు. మళ్లీ చెప్పాను. ఆ మర్నాడే నన్ను వార్డు నుంచి తీసి దుప్పట్ల గదిలో వేశారు. రోగుల ముఖం చూడకుండా రోజంతా దుప్పట్లు మడవడమే. నాతో కలిసి తినేవాళ్లు వేరే బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టారు. నాకు ఈ ఉద్యోగం వద్దనిపించింది వదినా. రాజీనామా చేసి మీ దగ్గరికి వచ్చేద్దామనుకున్నాను. మీకు రాస్తే అన్నయ్య వచ్చి వీళ్ల మీద పడతాడని రాయలేదు.

ఆ రోజుల్లోనే నీ ఉత్తరం వచ్చింది. "నేనున్నాను కదండీ" అన్న మాట దగ్గర ఆగిపోయాను. దుప్పట్ల గదిలో కూర్చుని అది ఎన్నిసార్లు చదివానో.

మర్నాడు తొడుగులూ బూట్లూ వేసుకుని వాలు దిగాను. ఒక సంచిని జాగ్రత్తగా మరో గట్టి సంచిలో పెట్టి కట్టి పైకి తెచ్చాను. సిబ్బంది సమావేశం జరుగుతోంది. తలుపు తీసుకుని వెళ్లి ఆ సంచిని బల్ల పక్కన నేల మీద పెట్టాను. ఏం మాట్లాడాలో ముందు అనుకోలేదు. నోటికొచ్చింది ఒకటే మాట.

"మన సరుకు జారిపడింది సార్."

పెద్ద డాక్టరు గారు సంచి వంక చూస్తున్నారు. దాని మీద ఏ వార్డుదో అచ్చు వేసి ఉంది. అప్పుడు మా మేట్రన్, ఎప్పుడూ ఒక్క మాట ఎక్కువ మాట్లాడని మనిషి, కుర్చీ వెనక్కి జరిపి లేచింది. "ఇది నా వార్డు సంచి. మిగిలినవి తేవడానికి నేను వెళ్తున్నాను. ఎవరొస్తారు?" అంది. వేరే బల్ల మీద కూర్చున్నవాళ్లే మొదట లేచారు వదినా.

ఇప్పుడు సంచులు తాళం వేసిన గదిలో ఉంటున్నాయి, బండి వచ్చేదాకా. వాలు మీద ఉన్నవి మేమే ఏరుతున్నాం, చాలావరకు అయింది. నేనింకా దుప్పట్ల గదిలోనే ఉన్నాను, వాళ్ల పంతం వాళ్లది. ఫరవాలేదు. మేట్రన్ రోజూ వచ్చి నా గదిలోనే టీ తాగుతోంది.

అన్నయ్యతో చెప్పు, వాడి మాట ఇంత దూరం వచ్చిందని. తూము సంగతి వెంటనే రాయి. ఇక్కడ మబ్బులు మొదలయ్యాయి.

చిట్టి

*

కాలువ వీధి,
వాన వెలిసిన మర్నాడు

చిట్టీ,

నీ ఉత్తరం మీ అన్నయ్యకు నేనే చదివి వినిపించాను. సంచి బల్ల పక్కన పెట్టిన చోట ఆయన ముఖం అటు తిప్పేసుకున్నారు. "చిన్నప్పుడు నీళ్లంటే ఎంత భయపడేదో తెలుసా అది" అన్నారు. నా సంగతి అడుగుతావా, అదే రోజు టీచరమ్మకూ మెకానిక్కుకూ మామ్మకూ అందరికీ వినిపించాను. మా ఆడపడుచు అని చెప్పుకోవడం నాకు ఇంత బాగుంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఇక తూము. లోపల అడ్డంగా ఇనప మంచం ఇరుక్కుని ఉంది. దానికి ఏళ్ల తరబడి చెత్త చుట్టుకుని గోడలా తయారైంది. లోపలికి ఎవరూ దూరకూడదన్న నీ మాట మీద ఒక్కరం దూరలేదు. బయట నుంచే కొక్కేలు తగిలించి తాళ్లు కట్టాం. వీధి వీధంతా తాడు పట్టింది. డాక్టరు దిగొద్దన్నాడు కాబట్టి మీ అన్నయ్యను వంతెన మీద కుర్చీలో కూర్చోబెట్టాం. ఆయనకు ఆ పని ఎంత కుదిరిందనుకున్నావు! ఉద్యోగమంతా వెనక నుంచి కండక్టరు అరిచిన అరుపులన్నీ ఇప్పుడు ఈయన అరిచారు. "రానీ... రానీ... హోల్డాన్! కొంచెం ఎడమకి. రైట్, రైట్, రైట్!" తాడు ముందు కొసన ఎవరున్నారో తెలుసా? పరుపుల షాపాయన. నేను కుట్టిన తొడుగు పొట్ట దగ్గర బిగుతై ఊపిరాడక ఎర్రబడిపోయాడు గానీ తాడు వదల్లేదు.

మంచం ఒక్కసారిగా ఊడి వచ్చింది. మేమంతా ఒకరి మీద ఒకరం వెనక్కి పడ్డాం. లోపల నుంచి పెద్దగా త్రేన్చినట్టు చప్పుడైంది. ఆ వెనకే నల్లటి నీళ్లు తూములోకి సుడి తిరుగుతూ దూసుకుపోయాయి. బురదలో కూర్చునే అందరం అరిచాం.

వాన నిన్న మధ్యాహ్నం పట్టుకుంది. అదేం వాన! పోయినేడు ఇళ్లు ముంచింది కూడా ఇంత లేదు. సామాన్లు బల్లల మీదికి ఎత్తేసి, అందరం గొడుగులతో వంతెన మీదికి చేరాం. నీళ్లు పెరుగుతున్నాయి. మెట్లు ఒకటొకటే మునుగుతున్నాయి. పై మెట్టుకు కిందిది కూడా మునిగింది. మామ్మ కిటికీలోంచి, "ఎందాకా వచ్చాయి?" అని అరుస్తోంది. మీ అన్నయ్య నా చెయ్యి పట్టుకున్నారు. నలుగురిలో ఆయన నా చెయ్యి పట్టుకోవడం నాకు తెలిసి ఇదే మొదలు.

నీళ్లు ఆ మెట్టు దగ్గరే ఆగాయి. అలాగే ఉన్నాయి, చాలాసేపు. వంతెన కింద నుంచి ఉరుకుతూ, తూములోకి దూకుతూ పోతున్నాయి. వస్తున్నాయి, పోతున్నాయి. ఆ తర్వాత మునిగిన మెట్టు మళ్లీ తడితడిగా బయటపడింది.

"పోతున్నాయి మామ్మా! పోతున్నాయి!" అని మీ అన్నయ్య అరిచిన అరుపుకు ఆయన గొంతు ఇవాళ్టికీ రాలేదు.

ఇంజినీరమ్మ ఎప్పుడు వచ్చిందో మేం చూడలేదు. గొడుగు ఉన్నా పూర్తిగా తడిసిపోయి మా వెనకే నిలబడి ఉంది. చాలాసేపు నీళ్ల వంకే చూసి, "మూత వేయొద్దని నేను చెబుతాను. కానీ ఇది ఇలాగే ఉంచుతారా? ఏటేటా?" అంది. అంత పెద్ద మాట ఎవరివ్వగలరు? పరుపుల షాపాయన గొంతు సవరించుకుని, "ఉంచకపోతే ఈయన తెచ్చి మా గుమ్మంలో పెట్టేస్తారండీ" అన్నాడు. ఆ వానలో అందరం పగలబడి నవ్వాం. ఇంజినీరమ్మ కూడా.

నువ్వు సెలవు పెట్టి రా చిట్టీ. మేట్రన్‌ను కూడా తీసుకురా, ఆవిణ్ణి చూడాలని ఉంది. మీ అన్నయ్యకు ఇంకా నీరసంగానే ఉంది, కానీ పొద్దున్నే లేచి కిటికీ తెరిచి కూర్చుంటున్నారు.

ఇందాక ఇది రాస్తుంటే పై వీధి నుంచి ఒకావిడ బట్టలు ఇవ్వడానికి వచ్చింది. మా ఇంటికి రావడం ఆవిడకు ఇదే మొదటిసారి. కొలతలు తీసుకుందామని మిషను ఆపాను. ఆవిడ అటూ ఇటూ చూసి, "ఏంటండీ ఆ చప్పుడు? వెనక కుళాయి కట్టేయడం మరిచిపోయినట్టున్నారు" అంది.

"కుళాయి కాదమ్మా," అన్నాను, "మా కాలువ."

నీ వదిన